కంటికంటే ముందు కదిలే వేలు

ఇంట్లో వీడియో గేమ్ ఆడి ఆరితేరినవాళ్లు అభిమానుల మేళాకు వెళ్లి అదే ఆట ఆడితే ఎందుకు తడబడతారు? కంగారు అని సరిపెట్టేస్తాం. చుట్టూ జనం, వెనక వరుస, చేతిలో అలవాటులేని కంట్రోలర్. ఇవీ కారణాలే. కానీ కంగారుతో తేలని విషయం ఒకటుంది. ఆ తప్పులు చిందరవందరగా జరగవు, అన్నీ ఒకే పక్కకు ఒరుగుతాయి. రిథమ్ గేమ్ యంత్రం ముందు నిలబడ్డ కుర్రాడికి తెరమీద ‘ఫాస్ట్, ఫాస్ట్, ఫాస్ట్’ అనే పడుతుంటుంది. అంటే ప్రతి నోటునూ రవ్వంత ముందే కొడుతున్నాడు. నాలుగు స్టాళ్ల అవతల పెద్ద టీవీ మీద ఫైటింగ్ గేమ్ ఆడుతున్న అతని అక్కకేమో ప్రతి గుద్దూ రవ్వంత ఆలస్యంగా పడుతుంటుంది. కంగారుపడ్డ చెయ్యయితే ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ పోవాలి. ఇంత పద్ధతిగా ఒకే వైపుకు తప్పుతోందంటే ఎక్కడో ఏదో గడియారం తేడాగా ఉందన్నమాట.

ఆ గడియారాన్ని వెతకడానికి మ్యాగ్‌ఫెస్ట్ లాంటి చోటు బాగా పనికొస్తుంది. సంగీతం, వీడియో గేమ్‌లు కలిపి జరిపే ఈ అమెరికా మేళా 2002లో వర్జీనియా రాష్ట్రంలోని రోనోక్‌లో మొదలైంది. 2012 నుంచి వాషింగ్టన్ పక్కన, పొటోమాక్ నది ఒడ్డున ఉన్న నేషనల్ హార్బర్‌లో నాలుగు రోజుల పాటు జరుగుతోంది. ఉత్తర వర్జీనియాలోనూ మేరీల్యాండ్‌లోనూ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలకు పెద్ద దూరమేమీ కాదు. అక్కడి ఆర్కేడ్ హాలు రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది, యంత్రంలో నాణెం వేయక్కర్లేదు. ముప్పయ్యేళ్ల నాటి గాజు గొట్టం టీవీలు, జపాన్ నుంచి వచ్చిన రిథమ్ యంత్రాలు, నిన్నమొన్నటి మానిటర్లు అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. ఒక యంత్రం మీద ఆడి వెంటనే ఇంకో దాని మీదికి వెళితే చెయ్యి ఎలా తప్పుతోందో అక్కడికక్కడే తెలిసిపోతుంది. 2013 నుంచి జరుగుతున్న హైదరాబాద్ కామిక్ కాన్‌లో గేమ్ స్టాల్ ముందు నిలబడ్డవాళ్లకూ ఈ అనుభవం కొత్త కాదు, కారణం అడిగినవాళ్లే తక్కువ.

బాక్స్: ఒక ఫ్రేమ్ అంటే ఎంత?

తెరమీద కదులుతున్నట్టు కనిపించేదంతా వరసగా వేసి తీసేసిన బొమ్మలే. చాలా ఫైటింగ్ గేమ్‌లు సెకనుకు 60 బొమ్మలు వేస్తాయి. ఒక్కో బొమ్మే ఒక ఫ్రేమ్. అంటే సుమారు 16.7 మిల్లీసెకన్లు, సెకనులో అరవయ్యో వంతు. ఫైటింగ్ గేమ్ ఆడేవాళ్లు సెకన్లలో మాట్లాడుకోరు, ‘ఆ గుద్దు నాలుగు ఫ్రేములది, ఈ తన్ను పన్నెండు ఫ్రేములది’ అంటారు. ఈ వ్యాసంలో ఆ కొలతే వాడుకుందాం. పావు సెకను అంటే 15 ఫ్రేములు.

ఒంట్లోనే ఉన్న ఆలస్యం

మొదట మనిషి సంగతి. ఒక దీపం వెలగగానే బటన్ నొక్కమంటే ఆరోగ్యంగా ఉన్న యువకుడికి సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. ఫ్రేముల్లో చెప్పాలంటే 12 నుంచి 15. ఎంత సాధన చేసినా ఇందులో కొంత తగ్గుతుందే గానీ సగానికి సగం పడిపోదు.

ఈ సమయమంతా ఎక్కడికి పోతోంది? నరాల్లో పరుగుకు కొంత. నరంలో సంకేతం ఎంత వేగంగా పోతుందో ఎప్పటికీ కొలవలేమని ఒకప్పుడు పెద్ద పెద్ద శరీరశాస్త్రజ్ఞులే అనుకున్నారు. 1850లో హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ కప్ప కాలి నరం తీసుకుని కొలిచేశాడు. సెకనుకు ముప్పై మీటర్లకు కాస్త తక్కువ తేలింది. మనిషి చేతి నరాల్లో అది యాభై, అరవై మీటర్ల దాకా ఉంటుంది. తలనుంచి వేలికొస దాకా మీటరు పొడవు అనుకుంటే దారి ఖర్చు ఒకటి రెండు ఫ్రేములు. మిగతాదంతా కంట్లోనూ మెదడులోనూ అవుతున్న ఖర్చే.

కన్ను నిదానం. వెలుతురు రెటీనా మీద పడ్డాక అక్కడి కణాల్లో రసాయన చర్యల గొలుసు ఒకటి నడిస్తే తప్ప సంకేతం తయారవదు, దానికే కొన్ని పదుల మిల్లీసెకన్లు కావాలి. చెవి అలా కాదు. శబ్దానికి చెవిలోపలి సన్నని రోమాల్లాంటివి వంగుతాయి, వంగీ వంగగానే సంకేతం పుడుతుంది. అందుకే చప్పుడు విని నొక్కడం, వెలుగు చూసి నొక్కడం కంటే రెండు మూడు ఫ్రేములు త్వరగా అయిపోతుంది. పరుగు పందేలకు జెండా ఊపకుండా తుపాకీ పేల్చడం ఈ లెక్కన సబబే.

ఇక మెదడు. ఒకటే దీపం, ఒకటే బటన్ అయితే పని తేలిక. రెండు దీపాలు, రెండు బటన్లు పెట్టి ఏది వెలిగితే దానిది నొక్కమంటే? డచ్ వైద్యుడు ఫ్రాన్సిస్కస్ డాండర్స్ 1868లోనే ఇది కొలిచి చూపాడు. ఎంచుకోవలసి వచ్చేసరికి సమయం పెరుగుతుంది. 1952లో బ్రిటన్‌కు చెందిన విలియం హిక్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఎదురయ్యే అవకాశాలు రెట్టింపైన ప్రతిసారీ జవాబుకు పట్టే కాలం దాదాపు ఒకే కొలతన పెరుగుతూ పోతుందని తేల్చాడు. ఫైటింగ్ గేమ్‌లో ఎదుటివాడు ఏ క్షణంలోనైనా పదో పదిహేనో పనులు చేయగలడు. అందువల్ల ప్రయోగశాలలో 12 ఫ్రేముల్లో నొక్కినవాడికి ఆటలో 20 ఫ్రేములు పట్టినా ఆశ్చర్యం లేదు.

చూసి ఆపడం కాదు

ఇప్పుడు ఆ కొలతను ఆట పక్కన పెట్టి చూడండి. 2023లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6లో అన్నిటికంటే వేగమైన చిన్న గుద్దు బటన్ నొక్కిన నాలుగు ఫ్రేములకే తగులుతుంది. ఎదుటివాణ్ని పట్టి విసరడం అయిదు ఫ్రేములది. మనిషి కన్ను దాన్ని గమనించి, మెదడు గుర్తుపట్టి, వేలికి కబురు పంపేలోగా దెబ్బ తగిలి, నొప్పి కేక వినిపించి, దుమ్ము కూడా లేచేసి ఉంటుంది. చూసి ఆపడమన్న మాటే లేదు.

మరి ఆపుతున్నారు కదా! ఇక్కడే ఆట తయారుచేసినవాళ్ల తెలివి కనిపిస్తుంది. దెబ్బలను వాళ్లు రెండు రాశులుగా పోస్తారు. ఒక రాశి మనిషి చూసి స్పందించగలిగేంత నిదానమైనవి, రెండో రాశి ఎంతటివాడూ చూసి స్పందించలేనంత వేగమైనవి. స్ట్రీట్ ఫైటర్ 6లో డ్రైవ్ ఇంపాక్ట్ అనే భారీ దెబ్బ 26 ఫ్రేములది. దాన్ని చూసి, గుర్తుపట్టి, తిరిగి అదే దెబ్బతో జవాబు చెప్పడానికి సరిగ్గా సరిపోయేంత వ్యవధి అది. కేవలం దానికోసమే కాచుకుని కూర్చున్నవాడికి అది సులువు. కానీ ఎదుటివాడు మధ్యలో నాలుగు చిన్న గుద్దులు, ఒక గెంతు, ఒక విసురు కలిపాడనుకోండి, హిక్ చెప్పిన పన్ను పడుతుంది. 26 ఫ్రేముల దెబ్బ కూడా తగిలేస్తుంది. కొత్తగా ఆడేవాళ్లు ‘ఇంత నిదానమైనదాన్ని కూడా ఆపలేకపోయానే’ అని తమను తాము తిట్టుకుంటుంటారు. నిజానికి నిదానమైనది ఆ దెబ్బ ఒక్కటే. వాళ్లు కాపు కాయాల్సినవి మాత్రం డజను.

అనుభవజ్ఞుల పాత్రలు తెరమీద ఎక్కువసేపు వంగి కూర్చునే కాచుకోవడం మేళాలో ఎవరైనా గమనించవచ్చు. పిరికితనం కాదది, లెక్క. కాళ్ల దగ్గర కొట్టే దెబ్బలు వేగమైనవి, వాటిని చూసి ఆపలేరు, అందుకే ముందుగానే వంగి ఉంటారు. నెత్తిమీద పడే దెబ్బలకు నిలబడి కాచుకోవాలి, కానీ అవి సాధారణంగా నిదానమైనవి, కనిపించాక లేచినా సరిపోతుంది. ఊహతో కాచుకోవలసినవాటికి ఊహ, కంటితో కాచుకోవలసినవాటికి కన్ను. పరిమితమైన చూపును ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలియడమే ఈ ఆటలో సగం నేర్పు.

క్రికెట్‌లోనూ ఇదే సంగతి బయటపడింది. మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌లియడ్ అనే ఇద్దరు పరిశోధకులు బ్యాట్స్‌మన్ తలకు చిన్న కెమెరా తగిలించి అతని చూపు ఎటు పోతోందో చూశారు. 2000లో వచ్చిన వాళ్ల పత్రం ప్రకారం, బ్యాట్స్‌మన్ బంతి వెంట చూపు నడపడు. బౌలర్ చేయి విడిచిన కొద్దిసేపటికే చూపు బంతిని వదిలేసి అది పిచ్ మీద పడబోయే చోటికి ముందే గెంతుతుంది, అక్కడ ఎదురుచూస్తుంది. మేటి ఆటగాడి చూపు ఇంకా త్వరగా గెంతుతుంది. మనం ‘రిఫ్లెక్స్’ అని మెచ్చుకునేదాంట్లో చాలా భాగం నిజానికి ముందుచూపే.

ఫైటింగ్ గేమ్ అభిమానులు ఇరవై ఏళ్లుగా చెప్పుకుంటున్న ఒక సంఘటన దీనికి సాక్ష్యం. 2004 ఆగస్టు 1న కాలిఫోర్నియాలోని పొమోనాలో ఇవో అనే ఫైటింగ్ గేమ్‌ల పోటీ జరుగుతోంది. ఆట స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్. జపాన్‌కు చెందిన డైగో ఉమెహారా ఎంచుకున్న కెన్ అనే పాత్రకు ప్రాణం ఒక గీతంత మిగిలింది, మామూలుగా కాచుకున్నా ఆ రాపిడికే పోతాడు. అమెరికాకు చెందిన జస్టిన్ వాంగ్ తన చున్‌లీతో పదిహేను తన్నుల దాడి వదిలాడు. డైగో కాచుకోలేదు. ఒక్కో తన్ను తగిలే క్షణానికి జాయ్‌స్టిక్‌ను ఎదురుగా నెట్టి, పదిహేనింటినీ పక్కకు తోసేశాడు. ఒక్కోదానికి ఉన్న వెసులుబాటు సెకనులో పదో వంతుకు అటూ ఇటూగా. హాలు హోరెత్తిపోయింది. ఆ వీడియోను ‘మెరుపు రిఫ్లెక్స్’కు ఉదాహరణగా చూపేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం అందులో రిఫ్లెక్స్ దాదాపు కనిపించదు. మొదటి తన్ను చూశాక స్పందిస్తే అప్పటికే ఆలస్యం. జస్టిన్ ఇప్పుడు వదులుతాడని డైగో పసిగట్టాడు. మిగతా పద్నాలుగు తన్నులూ ఎప్పుడూ ఒకే వ్యవధులతో పడతాయి, ఒక తాళంలాగా. ఆ తాళం అతని చేతికి ముందే వచ్చు. ఫైటింగ్ గేమ్ మధ్యలో కొన్ని సెకన్ల పాటు అతను ఆడింది రిథమ్ గేమే.

కాంబో కూడా అంతే. ఒక దెబ్బ తగిలాక ఎదుటివాడు తేరుకునేలోగా ఇంకోటి, దాని వెంట ఇంకోటి. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 తయారవుతున్నప్పుడు నిర్మాత నోరిటాకా ఫునమిజు, కారును పగలగొట్టే బోనస్ దశను పరీక్షిస్తూ, సరైన సమయానికి నొక్కితే దెబ్బకు దెబ్బ అతుకుతోందని గమనించాడు. ఇంత కష్టమైన సమయం ఎవరికి కుదురుతుందిలే అని వదిలేశాడట. కుదిరింది, ఆ తర్వాత వచ్చిన ఫైటింగ్ గేమ్‌లు చాలావరకు దానిమీదే నిలబడ్డాయి. కాంబో నొక్కే వేలు ఒక్కో దెబ్బ ఫలితాన్నీ చూసి తర్వాతిది నొక్కదు, అంత వ్యవధి ఉండదు. మొత్తం వరుసను ఒకే కదలికగా నేర్చుకుని, మొదలుపెట్టాక చివరిదాకా నడిపించేస్తుంది.

తాళానికి ముందే పడే చప్పట్లు

రిథమ్ గేమ్‌ల వంశవృక్షం చిన్నదే. 1996లో మసాయా మట్సుయురా చేసిన పరాపా ది రాపర్, 1997 చివర్లో కొనామి వారి బీట్‌మేనియా, 1998లో కాళ్లతో ఆడే డాన్స్ డాన్స్ రెవల్యూషన్, 2001లో నామ్కో డప్పు ఆట తైకో నో తత్సుజిన్, 2005లో గిటార్ హీరో. అన్నిటిలోనూ సూత్రం ఒకటే. నోట్లు ఒక గీతవైపు కదిలి వస్తాయి, గీతను తాకే క్షణానికి నొక్కాలి. బీట్‌మేనియా తర్వాతి తరం యంత్రంలో అత్యుత్తమ మార్కు రావాలంటే తేడా అటు ఒక ఫ్రేము, ఇటు ఒక ఫ్రేము మించకూడదు. స్పందనకే 12 ఫ్రేములు తీసుకునే మనిషి, ఒక్క ఫ్రేము కచ్చితత్వంతో వరసగా వెయ్యి నోట్లు కొడుతున్నాడు!

అసలు వింత ఇదేనని నా ఉద్దేశం. కానీ ఇది చేతకానివాళ్లు అరుదు. భజనలో యాభై మంది చప్పట్లు ఒక్కటిగా పడతాయి. పక్కవాడి చప్పుడు విని కొట్టేవాడైతే పావు సెకను వెనకబడాలి, ఎవరూ వెనకబడరు. రెండు మూడు దెబ్బలు విన్నాక తర్వాతిది ఎప్పుడు పడుతుందో మెదడు లెక్క కట్టేస్తుంది, చెయ్యి ఆ లెక్కను అనుసరించి బయలుదేరుతుంది.

ఇంకా విచిత్రం ఏమిటంటే, మనం సరిగ్గా తాళం మీద కొట్టం, కాస్త ముందే కొడతాం. టిక్కుటిక్కుమని తాళం వేసే మెట్రోనోమ్‌తో పాటు వేలితో తట్టమని అడిగితే మామూలు మనుషులు సగటున కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందు తడతారు, తట్టినవాళ్లకేమో రెండూ ఒకేసారి పడ్డట్టే అనిపిస్తుంది. ఇది వందేళ్లకు పైగా తెలిసిన విషయం. సంగీతం నేర్చినవాళ్లలో ఈ తొందర తగ్గుతుంది, పూర్తిగా పోదు. అలాగే దెబ్బకూ దెబ్బకూ మధ్య రెండు సెకన్లకు దగ్గరగా ఎడం పెరిగితే ఈ శక్తి సన్నగిల్లుతుంది. అప్పుడు మనిషి ఊహించడం మానేసి విని కొట్టడం మొదలుపెడతాడు, వెనకబడతాడు. నిదానమైన పాట సులువనుకుని ఎంచుకున్న కొత్తవాళ్లు మేళాలో మధ్యరకం వేగం పాటకంటే అధ్వానంగా ఆడటానికి ఇదొక కారణం.

ఈ లెక్క కట్టే చోటు గురించి కొంత తెలుసు. జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ 2007లో మెదడు స్కానింగ్‌తో చేసిన పరిశోధనలో, మనిషి కదలకుండా తాళం వింటున్నా కదలికలను నడిపే భాగాలు, ముఖ్యంగా మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా, చురుగ్గా ఉన్నాయి. పార్కిన్సన్స్ జబ్బులో దెబ్బతినేది ఆ భాగాల పనితీరే. ఆ రోగులు తాళం తేడాలు పట్టడంలోనూ ఇబ్బంది పడతారు. మరోపక్క, బయటినుంచి మెట్రోనోమ్ లాంటి తాళం వినిపిస్తే వాళ్ల నడక మెరుగుపడుతుందని 1990ల నుంచి చికిత్సలో వాడుతున్నారు. లోపలి గడియారం తడబడినప్పుడు బయటి గడియారం చేయూతనిస్తోంది.

రిథమ్ యంత్రం దగ్గర నిలబడితే ఇంకో తమాషా కనిపిస్తుంది. బాగా ఆడేవాళ్లు నోట్లు జారే వేగాన్ని పెంచుకుంటారు. చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. నిజానికి పాట వేగం మారదు, నోట్ల మధ్య తెరమీది దూరం మాత్రం పెరుగుతుంది. ఇరుకుగా అంటుకుపోయిన నోట్లు విడివిడిగా పరుచుకుంటాయి, ఏది ఏ దెబ్బ మీద పడుతుందో చదవడం సులువవుతుంది. ఆగి ఆగి మెరిసే దీపానికి తాళం వేయడం కంటే కదిలే వస్తువుకు తాళం వేయడం మనకు బాగా వస్తుందని ప్రయోగాలూ చెబుతున్నాయి. అయినా చెవికి కన్ను సాటిరాదు. శబ్దం ఆపేసి అదే పాట ఆడమంటే మేటి ఆటగాడి మార్కులూ పడిపోతాయి.

మేళా హాలులో చెవికి పెద్ద శత్రువు పక్క యంత్రం. ఒక తాళానికి వేలు వేస్తుండగా దగ్గర్లో వేరే చప్పుడు పడితే, దాన్ని పట్టించుకోకూడదని తెలిసినా, వేలు దానివైపు కొంత జరుగుతుందని బ్రూనో రెప్ ప్రయోగాల్లో తేలింది. ఇరవై యంత్రాలు ఇరవై పాటలు వాయిస్తున్న చోట ఇది చిన్న విషయం కాదు. హెడ్‌ఫోన్ గుచ్చుకునే వీలున్న యంత్రమైతే వైరున్న హెడ్‌ఫోన్ వెంట తీసుకెళ్లడం మేలు. వైరు అని నొక్కి చెప్పడం ఎందుకంటే, మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్ శబ్దాన్ని పొట్లం కట్టి, పంపి, విప్పేసరికి పది ఫ్రేములు దాటిపోవచ్చు.

బటన్‌కూ బొమ్మకూ మధ్య

ఇప్పుడు ఆ తేడా గడియారం దగ్గరికి వచ్చాం. బటన్ నొక్కితే కంట్రోలర్ ఆ కబురు పంపాలి. గేమ్ దాన్ని చదవాలి, తర్వాతి బొమ్మ గీయాలి. ఇక్కడికి రెండు మూడు ఫ్రేములు అవుతాయి. ఆ తర్వాత టీవీ వంతు. ఈనాటి టీవీ వచ్చిన బొమ్మను వచ్చినట్టు చూపించదు. రంగులకు మెరుగులు దిద్దుతుంది, అంచులు పదును పెడుతుంది, రెండు బొమ్మల మధ్య లేని మూడో బొమ్మను కల్పించి కదలికను నునుపు చేస్తుంది. మధ్య బొమ్మ కల్పించాలంటే తర్వాతి బొమ్మ వచ్చేదాకా ఆగాలి కదా. ఇవన్నీ కలిసి కొన్ని టీవీల్లో నూరు మిల్లీసెకన్లు, అంటే ఆరు ఫ్రేములు తినేస్తాయి. సినిమా చూసేవాడికి ఇది తెలియనే తెలియదు, బొమ్మా మాటా కలిసి ఆలస్యమవుతాయి గనుక. ఆడేవాడికి మాత్రం ఇదే ల్యాగ్. టీవీలో ‘గేమ్ మోడ్’ అనేది ఈ మెరుగులన్నిటినీ ఆపేసే స్విచ్, అంతకుమించి అందులో మహిమేమీ లేదు.

పాత గాజు గొట్టం టీవీలో ఈ గొడవ లేదు. సంకేతం వచ్చినట్టే ఎలక్ట్రాన్ల ధార తెరను పైనుంచి కిందికి గీసుకుంటూ పోతుంది, దాచిపెట్టుకుని ఆలోచించే తీరిక దానికి లేదు. 2001లో వచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ ఆడేవాళ్లు ఇప్పటికీ ఆ బరువైన టీవీలను కారు డిక్కీల్లో వేసుకుని మేళాలకు మోసుకొస్తారు. చూసి నవ్వేవాళ్లుంటారు. నవ్వవలసిన పని లేదు. వేలికొసకు తెలిసే తేడా కోసం నడుము నొప్పి భరిస్తున్నారు. రిథమ్ యంత్రాల తయారీదారులూ ఇదే దారిలో నడిచారు. బీట్‌మేనియా కొత్త యంత్రానికి 2019లో సెకనుకు 120 బొమ్మలు చూపే మానిటర్ అమర్చారు.

గాలి కూడా ఆలస్యం చేస్తుంది. శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది. స్పీకరుకు మీటరు దూరం జరిగిన ప్రతిసారీ మూడు మిల్లీసెకన్లు ఖర్చు. వేదిక మీది పెద్ద తెర ముందు, పది మీటర్ల దూరంలోని స్పీకర్ల పాట వింటూ రిథమ్ గేమ్ ఆడితే దాదాపు రెండు ఫ్రేములు పోయినట్టే. అత్యుత్తమ మార్కుకు ఉన్న వెసులుబాటే ఒక ఫ్రేము.

ఆలస్యాన్ని మింగేసే మెదడు

ఇంతవరకు విన్నాక, మేళాలో టీవీ చెడ్డదైతే ఆట చెడుతుంది అనిపిస్తుంది. అక్క విషయంలో అది నిజమే. ఇంట్లో ఆమెది త్వరగా స్పందించే మానిటర్, స్టాల్‌లో గేమ్ మోడ్ పెట్టని పెద్ద టీవీ. అయితే తమ్ముడు నిలబడింది మేళాలోకెల్లా మంచి యంత్రం ముందు. అతనికెందుకు తప్పింది?

2006లో చెస్ స్టెట్సన్, డేవిడ్ ఈగల్‌మన్ తదితరులు చేసిన ప్రయోగం దీనికి జవాబిస్తుంది. మనుషులను కూర్చోబెట్టి బటన్ నొక్కమన్నారు. నొక్కిన కాసేపటికి, సెకనులో చిన్న భాగం ఆగి, ఒక మెరుపు కనిపించేది. ఇలా పదే పదే జరిగాక మెదడు ఆ ఎడాన్ని కుదించేసుకుంది. నేను నొక్కాను కాబట్టి వెలిగింది, కాబట్టి రెండూ ఒకేసారి జరిగినట్టే లెక్క అనుకుంది. అప్పుడు పరిశోధకులు చెప్పాపెట్టకుండా ఆలస్యాన్ని తీసేశారు. నొక్కిన వెంటనే మెరుపు వచ్చింది. చాలాసార్లు వాళ్లకు ఏమనిపించిందో తెలుసా? తాము నొక్కకముందే మెరిసిందని!

తమ్ముడి ఇంట్లో టీవీ పాటనూ బొమ్మనూ ఆలస్యంగా అందిస్తుంది. గేమ్ మాత్రం తన సొంత గడియారం ప్రకారం మార్కులు వేస్తుంది. మొదటి వారమంతా అతనికి ‘స్లో’ అనే పడి ఉంటుంది. తర్వాత తనకు తెలియకుండానే వేలు ముందుకు జరిగింది, మెదడు ఆ తేడాను మింగేసి ‘సరిగ్గా తాళం మీదే కొడుతున్నాను’ అని అతణ్ని నమ్మించింది. మంచి యంత్రం ముందుకు రాగానే ఆ మింగిన ఆలస్యమంతా బయటపడింది. అతని చెయ్యి తప్పు చేయలేదు, ఇక్కడ లేని టీవీ కోసం ఆడుతోంది.

బాక్స్: ఎదుటివాడు వేరే ఊళ్లో ఉంటే?

మేళాలో ప్రత్యర్థి పక్కనే ఉంటాడు. ఆన్‌లైన్‌లో అతను వేరే దేశంలో ఉండవచ్చు, అతని బటన్ కబురు రావడానికి అయిదారు ఫ్రేములు పట్టవచ్చు. ఇవో పోటీల వ్యవస్థాపకుల్లో ఒకడైన టోనీ కానన్ దీనికోసం 2006లో జీజీపీఓ అనే సాఫ్ట్‌వేర్ రాశాడు. కబురు వచ్చేదాకా ఆగకుండా, ఎదుటివాడు ఇందాక చేస్తున్నదే ఇంకా చేస్తున్నాడని యంత్రం ఊహించి ఆట నడిపించేస్తుంది. ఊహ తప్పితే వెనక్కి వెళ్లి, సరిదిద్ది, ఆ మధ్య ఫ్రేములను కంటికి అందనంత వేగంగా మళ్లీ నడిపి ప్రస్తుతానికి వచ్చేస్తుంది. ఫైటింగ్ గేమ్‌ల వాళ్లు దీన్ని రోల్‌బ్యాక్ అంటారు. మనిషి మెదడు చేస్తున్న పనినే యంత్రమూ చేస్తోందన్నమాట, కాకపోతే మనకు వెనక్కి వెళ్లే వసతి లేదు.

స్టాల్ ముందు నిలబడ్డప్పుడు

ఇంట్లోనైతే మందు సులువు. చాలా రిథమ్ గేమ్‌ల సెట్టింగులలో కాలిబ్రేషన్ అనే తెర ఉంటుంది. ఒక తాళం వినిపిస్తుంది, దానికి తగ్గట్టు నొక్కుతూ పోతే సగటున ఎంత తేడా వస్తోందో గేమ్ కొలిచి, మార్కుల గడియారాన్ని అంత జరుపుతుంది. టీవీ ఆలస్యంతో పాటు మన చేతికి సహజంగా ఉన్న తొందర కూడా ఆ కొలతలో కలిసిపోతుంది, అందుకే ఇంట్లో ఇద్దరు ఆడితే ఇద్దరి అంకెలూ ఒకటి కావు. 2008 నాటి రాక్ బ్యాండ్ 2 గిటార్‌లోనైతే వెలుగును, శబ్దాన్ని పట్టే చిన్న సెన్సర్లే పెట్టారు. గిటార్‌ను టీవీకి ఎదురుగా పట్టుకుంటే అదే కొలిచేసుకునేది. ఆ ఏర్పాటు తర్వాత కనుమరుగు కావడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

మేళాలో స్టాల్ వాళ్లకు గేమ్ మోడ్ నొక్కడానికి అర నిమిషం, కాలిబ్రేషన్‌కు ఇంకో నిమిషం చాలు. చాలాచోట్ల ఆ పని జరగదు, పెట్టెలోంచి తీసిన టీవీని తీసినట్టే తగిలిస్తారు. దుకాణంలో కళ్లు చెదిరేలా పెట్టిన మెరుగులన్నీ అలాగే ఉంటాయి. ఆడేముందు మెనూలో పైకీ కిందికీ కదిపి చూడండి. నొక్కినదానికీ గుర్తు కదలడానికీ మధ్య ఎడం కంటికి తెలుస్తోందంటే అది అయిదారు ఫ్రేములకు తక్కువ ఉండదు. అలాంటి తెరమీద కాంబోలు కుదరలేదని బాధపడనక్కర్లేదు, చూసి ఆపవలసిన దెబ్బలు తగిలినా పట్టించుకోనక్కర్లేదు. ఊహించి ఆడే విసుర్లు, చిన్న గుద్దుల మీద ఆట నడిపితే నష్టం తగ్గుతుంది, వాటికి ఎలాగూ కన్ను అక్కరకు రాదు కదా.

రిథమ్ యంత్రం దగ్గర మాత్రం ఇంకో ఉపాయముంది. ‘ఫాస్ట్’ అని వరసగా పడుతుంటే కావాలని ఆలస్యంగా కొట్టడానికి ప్రయత్నించకండి, తాళం మొత్తం చెదిరిపోతుంది. తెరమీది నోట్లను కాస్త వదిలేసి పాటలో డ్రమ్స్ మీద చెవి పెట్టండి. మింగిన ఆలస్యాన్ని కక్కడానికి మెదడుకు ఎక్కువసేపు పట్టదు, కొన్ని పాటలు చాలు. చిక్కల్లా స్టాల్ నియమంతోనే. ఒక్కొక్కరికి ఒకటో రెండో పాటలు, ఆ తర్వాత వెనకవాళ్లకు చోటివ్వాలి. చెయ్యి సర్దుకునే వేళకు వంతు అయిపోతుంది. అందుకే అలవాటైనవాళ్లు మొదటి వంతులో తమకు బాగా వచ్చిన పాట ఎంచుకోరు. ఊరికే తాళం స్పష్టంగా వినిపించే పాట ఒకటి ఆడేసి, మళ్లీ వెళ్లి వరుసలో చివర నిలబడతారు.